మ్యూనిక్ నుంచి వియన్నాకి: అవే ఫండ్లు, వేరే పన్ను (ఒక కేస్ స్టడీ)

యూరప్‌లో ఒక దేశం నుంచి ఇంకో దేశానికి ఉద్యోగం మారే మనవాళ్లు ఇల్లు, బడి, వీసా, ఇన్సూరెన్స్ అన్నీ అడుగుతారు. చేతిలో ఉన్న మ్యూచువల్ ఫండ్ల మీద కొత్త దేశంలో పన్ను ఎలా పడుతుందని అడిగేవాళ్లు చాలా తక్కువ. ఈ కేసులోని దంపతులు కూడా అడగలేదు. వాళ్ల అనుమతితోనే రాస్తున్నాను. వాళ్లని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, అంకెలు గుండ్రంగా చేశాను. లెక్క వేసే పద్ధతి మాత్రం ఉన్నదున్నట్టే ఉంచాను.

నేపథ్యం

ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. హైదరాబాద్‌లో కొన్నేళ్లు చేసి 2019లో మ్యూనిక్ వెళ్లారు. 2023 అక్టోబర్‌లో వియన్నాకి మారారు. పెట్టుబడులు రెండు చోట్ల ఉన్నాయి. మొదటిది జర్మన్ బ్రోకర్ దగ్గర భర్త పేర నెలనెలా కొంటున్న ఒక ఈటీఎఫ్ (షేర్‌లా ఎక్స్ఛేంజ్‌లో కొనే ఫండ్). ప్రపంచ సూచీది, ఐర్లండ్‌లో నమోదైనది, డివిడెండ్ పంచకుండా లోపలే కలుపుకునే రకం. రెండోది ఇండియాలో 2017 నుంచి నడుస్తున్న ఎస్ఐపీలు (ఫండ్లలో నెలనెలా కట్టే వాయిదాలు). మొత్తం ఏడు ఈక్విటీ స్కీములు, అన్నీ గ్రోత్ ఆప్షన్, అంటే ఇవీ డివిడెండ్ పంచనివే. అయిదు భర్త పేర, రెండు భార్య పేర. వీటి కాగితాలన్నీ భర్తగారి నాన్న దగ్గర ఉంటాయి.

సలహా కోసం నా దగ్గరికి వచ్చింది 2024 నవంబర్ మూడో వారంలో. అదీ ఫండ్ల గురించి కాదు. టాక్స్ రెసిడెన్సీ, అంటే పన్ను లెక్కకి ఏ దేశ నివాసో, ధ్రువీకరించమని జర్మన్ బ్రోకర్ నుంచి మెయిల్ వచ్చింది. వియన్నా అడ్రస్ ఇస్తే ఖాతా మూసేస్తారేమోనని టెన్షన్. అప్పటిదాకా బ్రోకర్ దగ్గర మ్యూనిక్ అడ్రసే ఉంది.

మాటల మధ్యలో ఆయన అన్న ఒక్క మాట నన్ను ఆపేసింది. "ఫండ్ల మీద పన్ను జర్మనీలోనే కట్ అయిపోయిందండీ, రసీదు కూడా ఉంది" అని ఫోన్ నా ముందు పెట్టారు. 2024 జనవరి తేదీ. 131 యూరోల 82 సెంట్లు.

ఆ 131 యూరోల వెనక ఉన్నది

జర్మనీ 2018 జనవరి 1 నుంచి ఫండ్ల పన్ను చట్టాన్ని కొత్తగా రాసుకుంది. డివిడెండ్ పంచని ఫండ్ కూడా ఏటా ఎంతో కొంత సంపాదించిందని అనుకుని, ఆ కొంచెం మీద ముందుగానే పన్ను తీసుకుంటుంది. దాన్ని ఫోరాబ్‌పౌషాలె అంటారు. ఏడాది మొదట్లో ఉన్న విలువని ప్రభుత్వం ప్రకటించే వడ్డీ రేటుతో, దాన్ని మళ్లీ 70 శాతంతో గుణించాలి. ఈక్విటీ ఫండ్ అయితే వచ్చినదాంట్లో 30 శాతం వదిలేస్తారు. మిగతాదాని మీద పన్ను 26.375 శాతం. ఏడాదిలో ఫండ్ పెరిగినదానికంటే ఈ ఊహాలాభం ఎప్పుడూ ఎక్కువ కాదు. ఫండ్ పడిపోతే ఊహాలాభం సున్నా.

ఆ వడ్డీ రేటు 2021, 2022 సంవత్సరాల్లో మైనస్‌లో ఉండటంతో ఎవరికీ ఏమీ కట్ కాలేదు. 2023కి ఒక్కసారిగా 2.55 శాతమైంది. ఈయన ఈటీఎఫ్ విలువ 2023 జనవరిలో 40,000 యూరోలు. లెక్క కడితే 714 యూరోలు, అందులో 30 శాతం పోగా దాదాపు 500, దాని మీద పన్ను 131.82. పన్ను మినహాయింపు ఫారం వేరే బ్యాంకులో ఇచ్చి ఉండటంతో బ్రోకర్ కోసేశాడు. ఈ కోత పడేది మరుసటి ఏడాది జనవరిలో. అప్పటికి వీళ్లు వియన్నాలో ఉన్నారు. అంటే అసలు జర్మనీకి కట్టాల్సిన పనే లేదు.

అయినా అది పెద్ద విషయం కాదు. ఆ రసీదు ఆయనకిచ్చిన ధీమాయే అసలు సమస్య. అన్నేళ్లు జర్మనీలో ఉన్నా ఇండియా ఫండ్ల మీద పైసా కట్టాల్సి రాలేదు. వడ్డీ రేటు తక్కువ, దంపతులకి పన్ను లేని మొత్తం ఎక్కువ. కాబట్టి అమ్మేదాకా పన్ను లేదనే నమ్మకం బలంగా నాటుకుపోయింది. ఆ నమ్మకాన్ని వియన్నాకి తెచ్చుకున్నారు.

అసలు సమస్య

ఆస్ట్రియాలో ఫండ్లు రెండు జాతులు. మెల్డెఫోండ్స్ అంటే తన లోపలి ఆదాయం లెక్కని ఆస్ట్రియాలో ఈ లెక్కలు తీసుకునే ఓఈకేబీ అనే బ్యాంకుకి పంపే ఫండ్. అలాంటిదైతే ఏటా వచ్చిన అసలు ఆదాయం మీదే 27.5 శాతం పన్ను. లెక్క పంపని ఫండ్‌కి చట్టమే ఒక ఆదాయం అంటగడుతుంది. ఆ ఏడాది మొదటి ధరకీ చివరి ధరకీ ఉన్న తేడాలో 90 శాతం. అది ఎంత తక్కువైనా, డిసెంబర్ చివరి ధరలో 10 శాతానికి తగ్గకూడదు.

"నష్టం వచ్చిన ఏడాది కూడానా అండీ?" అని భార్య అడిగారు. అవును, నష్టం వచ్చిన ఏడాది కూడా. ధర పడిపోయినా విలువలో పదో వంతు సంపాదించారనే అనుకుంటారు. దాని మీద 27.5 శాతం అంటే ఏటా విలువలో 2.75 శాతం కట్టాల్సిందే. మీరు ఎప్పుడు కొన్నారన్నది కూడా ఆ లెక్కలో ఉండదు. డిసెంబర్‌లో కట్టిన ఎస్ఐపీ వాయిదా మీద కూడా ఏడాది మొత్తం పెరుగుదల పడుతుంది.

ఫండ్ మంచిదా చెడ్డదా అన్నదానితో దీనికి సంబంధం లేదు. ఎవరు లెక్క పంపారన్నదే ప్రశ్న. ఈటీఎఫ్ కోడ్‌ని ఓఈకేబీ సైట్‌లో కొట్టి చూశాం, ఉంది. అయిదు నిమిషాల్లో ఆ భయం తీరింది. ఇండియా స్కీములు ఏడింట్లో ఒక్కటీ లేదు. ఉంటుందని నేనూ అనుకోలేదు. ఇండియాలో ఇండియా వాళ్ల కోసం నడిచే ఫండ్‌కి వియన్నాలో లెక్క పంపాల్సిన అవసరం ఏముంది?

ఇక ఏడు స్కీములూ కలిపి యూరోల్లో లెక్క ఇది. అర్థం కావడానికి కొత్త వాయిదాలు పక్కన పెడుతున్నాను. వియన్నాలో దిగిన రోజు 55,000. 2023 డిసెంబర్ 31న 60,000. అవే యూనిట్లు 2023 జనవరిలో 50,000. వాళ్లు ఆస్ట్రియాలో ఉండగా నిజంగా పెరిగింది 5,000. చట్టం చూసేది ఏడాది మొత్తం తేడా, అంటే 10,000లో 90 శాతం, 9,000. పన్ను 2,475 యూరోలు. 2023 రిటర్న్‌లో ఇదేదీ చూపించలేదు. 2024 డిసెంబర్ 31 ఇంకో ఆరు వారాల్లో ఉంది.

ఏమేం ప్రయత్నించాం

ముందు ఆయన అడిగిందే. "యూరోపియన్ యూనియన్ అంతా ఒకటే కదండీ, జర్మనీ రూల్ ఇక్కడెందుకు చెల్లదు?" సహజమైన ప్రశ్న. 1985లో వచ్చిన యూసిట్స్ డైరెక్టివ్ (ఫండ్ల మీద యూనియన్ ఉమ్మడి నిబంధన) పుణ్యమా అని ఒక దేశంలో నమోదైన ఫండ్‌ని యూనియన్ అంతటా అమ్ముకోవచ్చు. ఆ పాస్‌పోర్ట్ అమ్మకానికే, పన్నుకి కాదు. ప్రత్యక్ష పన్నుల విషయంలో యూనియన్ స్థాయిలో ఏం చేయాలన్నా సభ్యదేశాలన్నీ ఒప్పుకోవాలి. అందుకే ఒకే ఫండ్ కాగితం సరిహద్దు దాటినప్పుడల్లా వేరే వస్తువు అయిపోతుంది. ఆ సమయంలో ఆయనకి డబ్లిన్ నుంచి ఒక ఆఫర్ కూడా ఉంది, అక్కడికి పోతే బాగుంటుందా అన్నారు. అప్పటికి ఐర్లండ్‌లో ఫండ్ లాభం మీద 41 శాతం. అమ్మకపోయినా ప్రతి ఎనిమిదేళ్లకీ అమ్మినట్టే లెక్క. ఈ 41ని 2026 నుంచి 38 చేశారు. బెల్జియంలో ఈక్విటీ ఫండ్ లాభం మీద మామూలు ఇన్వెస్టర్‌కి అప్పట్లో పన్ను లేదు, బాండ్ల భాగం మీదే 30 శాతం. 2026 నుంచి అక్కడా 10 శాతం వచ్చింది, ఏటా 10,000 యూరోల మినహాయింపుతో. పన్ను కోసం ఊరు మారమని నేను ఎవరికీ చెప్పను. ఉన్నచోటే దారి వెతకాలి.

రెండో ప్రయత్నం: అసలు ఆదాయం ఎంతో మనమే రుజువు చేయడం. ఆస్ట్రియా చట్టం దానికి అవకాశం ఇస్తుంది. జర్మనీలో కూడా 2018కి ముందు ఇలాంటి ఊహాలెక్కే ఉండేది, ఏడాది పెరుగుదలలో 70 శాతం, కనీసం చివరి ధరలో 6 శాతం. రుజువు చూపించే అవకాశం ఇన్వెస్టర్‌కి ఇవ్వకపోవడం తప్పని యూరోపియన్ కోర్టు 2014 అక్టోబర్‌లో తేల్చింది. కాబట్టి ఈ దారి గట్టిదే అనిపించింది. ఫండ్ సంస్థలకి మెయిళ్లు పెట్టాం. ఫ్యాక్ట్‌షీట్లు పంపారు, అవి పనికిరావు. స్కీము వార్షిక నివేదికల్లో ఒక పేజీ ఉంటుంది, యూనిట్‌కి ఎంత డివిడెండ్ వచ్చింది, షేర్లు అమ్మి ఎంత లాభం వచ్చింది, ఖర్చు ఎంత అని. ఆ పేజీ చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ ఏడింట్లో రెండు స్కీములు వేరే ఫండ్లలో పెట్టుబడి పెట్టే ఫండ్లు, వాటి లోపలి లెక్క ఆ పేజీలో కనపడదు. పైగా ఇండియా ఫండ్ల ఏడాది మార్చి 31తో ముగుస్తుంది. అన్నీ యూరోల్లోకి మార్చి, స్కీముకొకటిగా లెక్క కట్టి ఇవ్వడానికి ఇక్కడి ష్టాయర్‌బెరాటర్ (పన్ను సలహాదారు) చెప్పిన ఫీజు, మిగిలే పన్నుకి దగ్గర్లోనే ఉంది.

మూడోది నాన్నగారి ఆలోచన. యూనిట్లన్నీ తన పేరు మీదకి మార్చేయమన్నారు. మంచి మనసుతో అన్న మాటే. కానీ ఆస్ట్రియా బయట ఉండే మనిషికి ఉచితంగా ఇచ్చినా, ఆ రోజు ధరకి అమ్మినట్టే ఇక్కడ లెక్క వేస్తారు. పేరు మార్చి డబ్బు మాత్రం పిల్లలదే అనుకోవడం నాకు నచ్చని పని కూడా. వద్దన్నాను.

దారి దొరికింది

రుజువు దారిని వదిలేయడానికి ఫీజు ఒక్కటే కారణం కాదు. తర్వాత ఒకరోజు కాగితం మీద లెక్క వేస్తుంటే ఒక సంగతి తట్టింది. ఊహాలాభం మీద పన్ను కడితే, ఆ లాభం యూనిట్ల కొనుగోలు ధరకి కలుస్తుంది. ఇంకొకటి, ఆస్ట్రియాలో అడుగుపెట్టిన రోజు ధరే ఇక్కడి లెక్కకి కొనుగోలు ధర. అంటే 55,000కి 9,000 కలిపితే 64,000. 2024 డిసెంబర్‌లో మొత్తం విలువ 68,000. 2024 డిసెంబర్ 31కి ముందే అమ్మేస్తే ఆ ఏడాదికి ఊహాలెక్క ఉండదు, ఎందుకంటే అది ఆ రోజు చేతిలో ఉన్న యూనిట్లకే. అసలు లాభం 4,000 మీద 1,100 యూరోలు పన్ను. రెండేళ్లూ కలిపి 13,000 మీద 3,575. 55,000 నుంచి 68,000 దాకా వాళ్లకి నిజంగా వచ్చిన లాభం కూడా సరిగ్గా 13,000. ఊహ, నిజం ఒకే చోటికి వచ్చాయి!

అమ్మకుండా ఉంటే 60,000 నుంచి పెరిగిన 8,000లో 90 శాతం, అంటే ఇంకో 7,200 ఊహాలాభం, 1,980 పన్ను. అది కూడా కొనుగోలు ధరకి కలుస్తుంది, నిజమే. కానీ తర్వాత మార్కెట్ పడి నష్టానికి అమ్మితే, ఆ నష్టాన్ని అదే ఏడాది వచ్చిన పెట్టుబడి ఆదాయంలో మాత్రమే సర్దుకోవచ్చు. మామూలు వ్యక్తికి మరుసటి ఏడాదికి మోసుకెళ్లే వీలు లేదు. కట్టిన పన్ను తిరిగి వస్తుందన్న ఆశ మార్కెట్ మీద వేలాడుతుంది. అమ్మకానికి నేను గట్టిగా నిలబడింది ఇందుకే.

నాన్నగారిని ఒప్పించడం మాత్రం కష్టమైంది. వీడియో కాల్‌లో ప్లాస్టిక్ కవర్‌లోంచి స్టేట్‌మెంట్లు తీసి ఒక్కొక్కటీ కెమెరాకి చూపించారు. ప్రతి పేజీ అంచున పెన్సిల్‌తో ఆ నెల విలువ రాసి ఉంది, 2017 నుంచీ. "పెరుగుతున్నవాటిని అమ్మేయమంటారేంటమ్మా? ఇక్కడ కూడా టీడీఎస్ కోస్తారు కదా" అన్నారు. ఆయన మాట నిజమే. 2024 జులై 23 నుంచి దీర్ఘకాలిక లాభం మీద ఇండియాలో 12.5 శాతం. ఇండియా లెక్కలో లాభం 2017 నుంచి మొదలవుతుంది కాబట్టి అది చిన్న మొత్తం కాదు. "అంకుల్, అది ఎప్పుడు అమ్మినా కట్టాల్సిందే. ఇక్కడిది మాత్రం అమ్మకపోయినా ఏటా కట్టాలి" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "పెన్సిల్ గీతలు పోనీలే, పిల్లలు ప్రశాంతంగా ఉంటే చాలు" అన్నారు. ఇండియాలో కోసిన పన్నుకి ఆస్ట్రియాలో క్రెడిట్ వస్తుందని మేం లెక్కలో వేసుకోలేదు. రెండు దేశాలూ కొలిచే లాభాలే వేరు. ఇండియా రిటర్న్ హైదరాబాద్‌లోని సీఏ చూసుకున్నారు.

వియన్నాలో దిగిన రోజు ధరకి రుజువు కావాలి. అడ్రస్ నమోదు చేసుకున్న మెల్డెత్సెట్టెల్ మీద తేదీ ఉంది. ఆ రోజు ఎన్ఏవీలు (యూనిట్ ధరలు) ఇండియా ఫండ్ సంస్థల సంఘం ఆంఫీ సైట్‌లో దొరికాయి, యూనిట్ల సంఖ్య కన్సాలిడేటెడ్ స్టేట్‌మెంట్‌లో, రూపాయి రేటు యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ పట్టికలో. నాలుగు కాగితాలు కలిపి ఒక పేజీ తయారుచేశాం. ఫైల్ మొత్తంలో అతి విలువైన పేజీ అదే.

2023 బకాయిని అడగకముందే మనమే చెప్పాలన్నది నా గట్టి అభిప్రాయం. ష్టాయర్‌బెరాటర్ ద్వారా స్వచ్ఛంద ప్రకటన ఇచ్చి, చట్టం ఇచ్చే నెల గడువులోపు పన్ను కట్టేశారు. జర్మన్ బ్రోకర్‌కి వియన్నా అడ్రస్ ఇచ్చి, కొత్త వాయిదాలని పన్ను తనే కోసి కట్టే ఆస్ట్రియా బ్రోకర్‌కి మార్చారు. ఇండియా మార్కెట్ మీద నమ్మకం ఉంది కాబట్టి అమ్మిన డబ్బులో కొంత, ఓఈకేబీకి లెక్క పంపే ఇండియా సూచీ ఈటీఎఫ్‌లో పెట్టుకున్నారు.

ఎక్కడ తప్పింది

భర్త పేర ఉన్న అయిదు స్కీములూ డిసెంబర్ రెండో వారంలో అమ్ముడుపోయాయి. భార్య పేర ఉన్న రెండూ ఆగిపోయాయి. పెళ్లయ్యాక పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు మారింది, పాన్ కార్డులో మారలేదు. ఫోలియోలో ఇంకా రెసిడెంట్ హోదానే ఉంది. ఫండ్ సంస్థ కేవైసీ సరిచేయమంది. కాగితాలు రెండుసార్లు వెనక్కి వచ్చాయి. డిసెంబర్ 31 దాటిపోయింది.

విలువ 8,000 యూరోల దాకా. 2024కి ఊహాలాభం 855, పన్ను 235. ఫిబ్రవరిలో అమ్మేసరికి మార్కెట్ పడి 7,200 వచ్చాయి. పెరిగిన కొనుగోలు ధరతో పోలిస్తే వెయ్యి యూరోలు దాటిన నష్టం. ఆస్ట్రియాలో భార్యాభర్తలకి ఉమ్మడి రిటర్న్ లేదు, ఎవరి లెక్క వాళ్లదే. ఈటీఎఫ్‌లన్నీ భర్త పేర, నష్టం భార్య పేర. సర్దుకోవడానికి 2025లో ఆమె పేర వేరే పెట్టుబడి ఆదాయం దాదాపు లేదు. నష్టం అలాగే ఆవిరైపోయింది.

ఈ తప్పులో నా వాటా ఉంది. మొదటి రోజే ఇద్దరి కేవైసీ చూసి ఉండాల్సింది. రుజువు దారి వెంట తిరిగిన పది రోజులూ ఆ పని మీద పెట్టి ఉంటే డిసెంబర్‌లోపు అయ్యేదేమో. పన్ను లెక్క మీద ధ్యాసలో పడి, అమ్మడం అనే మామూలు పని ఎంత టైమ్ తీసుకుంటుందో చూసుకోలేదు.

ఇప్పుడు నేను చేసే పని

ఇప్పుడు ఎవరు దేశం మారుతున్నామన్నా ముందు నాలుగు విషయాలు అడుగుతున్నాను. ఒక్కో ఫండ్ ఎక్కడ నమోదైంది, ఎవరి పేర ఉంది, కేవైసీ ఏ హోదాలో ఉంది, దిగే తేదీ ఏది. ఆ తేదీన స్టేట్‌మెంట్ తీసి దాచమంటున్నాను. జర్మనీ నుంచి బయల్దేరేవాళ్లని ఇంకోటి అడుగుతున్నాను: ఏదైనా ఒక్క ఫండ్‌లో 5 లక్షల యూరోలు, అంతకుమించి పెట్టారా అని. 2025 జనవరి నుంచి అలాంటివాళ్లు దేశం వదిలే రోజునే జర్మనీ లాభం మీద పన్ను వేస్తోంది. వీళ్లు 2023లో, అదీ చిన్న మొత్తాలతో వెళ్లారు కాబట్టి ఆ బాధ తప్పింది.

పోయిన నెల ఆ దంపతుల నుంచి మెయిల్ వచ్చింది. నెదర్లాండ్స్‌లో ఉద్యోగం, ఇంకా సంతకం పెట్టలేదు. అక్కడ ఫండ్ లెక్క పంపిందా లేదా అన్న ప్రశ్నే లేదు. జనవరి 1 నాటి విలువ చూసి, 2025 అయితే మనిషికి 57,684 యూరోలు వదిలేసి, పైదాని మీద 5.88 శాతం సంపాదించారని అనుకుని, అందులో 36 శాతం తీసుకుంటారు. నిజంగా వచ్చింది అంతకంటే తక్కువైతే రుజువు చూపించే హక్కు అక్కడి సుప్రీంకోర్టు తీర్పులతో వచ్చింది. ఆస్ట్రియా వదిలేటప్పుడు మాత్రం ఇక్కడి లాభం లెక్క తేల్చాలి. యూనియన్‌లోని దేశానికే వెళ్తున్నారు కాబట్టి నిజంగా అమ్మేదాకా ఆ పన్ను వాయిదా వేయమని అడగొచ్చు, రిటర్న్‌లో అడిగితేనే.

మెయిల్‌కి రెండు ఫైళ్లు జత చేశారు. ఒకటి ఇద్దరి ఫండ్ల పట్టిక. రెండోది ఆమె కొత్త పాన్ కార్డు కాపీ, పాస్‌పోర్ట్‌లో ఉన్న ఇంటిపేరుతో.